వియ్యంకుడి పలక

సోమవారం పొద్దున మా కూతురు ఫోన్ చేసింది. "నాయనా, మామ పోయినాడు" అంది. నేను పశువులకు చొప్ప కోస్తూ ఉన్నాను. "వస్తాండా" అన్నాను. ఫోన్ జేబులో పెట్టి, చేతిలో ఉన్న మోపు కోయడం పూర్తి చేసి, అప్పుడు లేచాను. ఎట్లాగూ ఆ రోజు నేను బస్సెక్కాల్సిన రోజే.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆ పని మీరు చేసుకోండి. ఆయన గుర్తుగా ఈ చిన్న పుస్తకం వేస్తున్నది ఆయన దగ్గర చదువుకున్న మీరే. ఆయన పాఠం చెబితే ఎట్లా ఉండేదో మీకు తెలుసు, నాకు తెలియదు. నేను మూడో తరగతిలో బడి మానేసి బావులు తవ్వడానికి పోయినవాణ్ణి. నన్ను కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకోండి. అందుకే కదా ఆయన మీకు చదువు చెప్పింది.

ఆయన నా కూతురికి మామ, నాకు వియ్యంకుడు. బత్తలపల్లె దగ్గర బడిలో అయ్యవారుగా చేసి రిటైరైన మనిషి. పద్దెనిమిదేళ్ళు మేమిద్దరం ఒకరినొకరు ఓర్చుకున్నామే తప్ప ఇష్టపడలేదు. తప్పు ఆయనదే. లగ్నపత్రిక రాసుకున్న రోజు రెండు వైపులా పెద్దవాళ్ళు సంతకాలు పెడుతున్నారు. నా వంతు వచ్చింది. ఆయన ఒక చేత్తో పెన్ను, ఇంకో చేత్తో వేలిముద్రల స్టాంపు ప్యాడ్ నా ముందు పెట్టి, "ఏది కావాల్నో తీసుకో బావా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పెన్ను తీసుకుని నా పేరు రాశాను. నాలుగు అక్షరాలు, నాలుగు నిమిషాలు. ఆయన కాగితం ఎత్తి చూసి, "పర్వాలేదే, బాయి తవ్వినట్టు తవ్వినావు" అన్నాడు. కాగితం చిరిగిన మాట నిజమే. అయినా ఆ రోజును నేను మర్చిపోలేదు. ఆయన పోయినా మర్చిపోలేదు.

ఆయనకు చదవడం తప్ప ఇంకో పని లేదు. కొడుకు కొనిచ్చిన పలక ఒకటి ఉండేది. పిల్లలు దాన్ని రీడర్ అంటారు. ఫోను కాదు. వందల పుస్తకాలు లోపలే ఉంటాయి, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు. దానికి లైటు లేదు. బూడిద రంగు ముఖం మీద నల్లక్షరాలు. కాగితానికి మాదిరే వెలుతురు మనమే చూపించాలి. అందుకని పొద్దున మంచం అరుగు మీద, మధ్యాహ్నం వాకిట్లో, సాయంత్రం పడమటి గోడ పక్కన. ఎండ ఎటు పోతే మంచం అటు పోయేది. మంచం మోసేది నా కూతురు. పేజీ తిప్పాలంటే కుడి పక్క కింద మూల బొటనవేలు తాకిస్తే చాలు. ఆయన మాత్రం కాగితం పుస్తకానికి చేసినట్టు వేలు నాలుకకు రాసి తాకించేవాడు. వెంటనే తువ్వాలుతో తుడిచేవాడు. పేజీ పేజీకీ ఇదే. చూడ్డానికే నాకు చిరాకు.

చూపు తగ్గేకొద్దీ అక్షరాలు పెద్దవి చేసుకుంటూ పోయాడు. "పేజీకి పది మాటలే పడతాండాయి బావా, వాన లేని ఏడు మీ చేన్లో చెనక్కాయ మొలకల మాదిరి" అనేవాడు. తన కష్టం చెప్పుకునేటప్పుడు కూడా నా చేను మీద ఒక రాయి వేయందే ఆయనకు తృప్తి లేదు. ఇంకోసారి, "నీకేం బావా, చదవనోనికి గుడ్డితనం వచ్చినా సగమే వస్తాది" అన్నాడు. నేను నీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

కళ్ళు మసకబడిన ఈ రెండేళ్ళలో మీలో ఎంతమంది ఆ అరుగెక్కారని నా కూతురిని అడిగాను. వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. ఒక చేయి చాలింది. మొన్న ఫొటోకు వేసిన దండలు మాత్రం మోయలేనన్ని.

ఆ పలకను పగలగొట్టింది నేనే. కూతురింటికి వట్టి చేతుల్తో పోకూడదు. పోయిన చెనక్కాయల కాలంలో అర మూట కాయలు భుజాన పెట్టుకుని పోయాను. ఆయన గోడకానుకుని కాఫీ తాగుతున్నాడు. మూట మెల్లగా కింద పెట్టొచ్చు. పెట్టలేదు. ఆ ఏడు నాకు పంట వచ్చింది. దాని బరువు ఆయన చెవికి తెలియాలని మంచం మీద ధబీమని దించాను. దుప్పటి కింద పలక ఉంది.

ఆయన మూట పక్కకు జరిపించి పలకను చేత్తో తడిమాడు. సగం ముఖం సిరా ఒలికినట్టు నల్లగా అయిపోయింది. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే నాకు బాగుండేది. "ఏమప్పా, రాయి అనుకుంటివా?" అని మాత్రం అని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రోజంతా మంచం జరపమని ఆయన అడగలేదు.

అల్లుడు ఫోన్లో ఇంకోటి తెప్పిస్తానన్నాడు.

"పగలగొట్టినోణ్ణి నేను. నేనే తెస్తా" అన్నాను.

"తెస్తావులే. దాని మీద పేరన్నా చదవగల్తావా?" అన్నాడు వియ్యంకుడు.

"చదివేది నువ్వు. తెచ్చేది నేను."

ఆయన గొంతు తగ్గించి, "ఈసారి లోపల లైటున్నది తే బావా. ఎండ నాకు చాలడం లే" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను ఒకటి అడగడం అదే మొదలు.

అనంతపురంలో కొట్టుకు పోయాను. కూతురు చీటీ రాసిచ్చింది, దాన్ని జేబులోంచి తీయలేదు. చీటీ చూపించి సరుకు అడిగేది చిన్నపిల్లలు. కొట్టు భాయ్ రెండు పలకలు నా ముందు పెట్టాడు. ఒకటి రంగులతో నిగనిగలాడుతోంది. ఇంకోటి పాతదాని మాదిరే బూడిద ముఖం.

"లైటున్నది కావాల" అన్నాను.

"రెండిట్లోనూ ఉండాది పెద్దాయనా. దీంట్లో అయితే సినిమాలు గూడా వస్తాయి."

"ఆయప్ప సినిమాలు చూసే మనిషి గాదు. చూసే మనిషైతే నాకీ తంటా ఉండేది గాదు."

నిగనిగలాడేదాన్ని చేతిలోకి తీసుకున్నాను. వెలుగు ముఖాన కొట్టింది. టార్చి లైటు కొన్నా అంతే కదా, వెలుగు ఎక్కువున్నదే మేలు అనుకుని, అదే కట్టమన్నాను. కానీ మా ఇంట్లో ఒక పద్ధతుంది. ఆడవాళ్ళు ధర్మవరంలో చీర కొన్నా, నేను విత్తనం కొన్నా, కొట్టు నీడలో చూసి కొనం. బయటికి తెచ్చి ఎండలో పట్టి చూస్తాం. రెండు పలకలూ పట్టుకుని రోడ్డు మీదికి నడిచాను. భాయ్ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"యాడికి పెద్దాయనా?"

"యాడికీ పోను. ఎండకు."

ఎండలో నిగనిగలాడేదాంట్లో నా మీసం తప్ప ఏమీ కనబడలేదు. బూడిద ముఖం దాంట్లో అక్షరాలు రాతి మీద చెక్కినట్టు నిలబడ్డాయి.

"ఎండలో ఎవరు చదువుతారు పెద్దాయనా?"

"ఈ జిల్లాలో ఎండ గాక ఇంకేముండాదప్పా?"

తర్వాత కొట్టు లోపలికి వచ్చి, తువ్వాలు నెత్తిన కప్పుకుని, చీకటి చేసుకుని ఆ బూడిద ముఖం దాని లైటు చూశాను. కళ్ళలోకి కొట్టలేదు. పసుపు కలిపిన పాల మాదిరి పేజీ మీద మాత్రమే పరుచుకుంది. భాయ్ తెలుగు పుస్తకం ఒకటి తెప్పించి అక్షరాలు పెద్దవి చేశాడు. చీమల బారు మాదిరి ఉండేవి విడివిడిగా వచ్చి నిలబడ్డాయి. తువ్వాలు లోపల, ఎవరికీ కనబడకుండా, ఒక మాట చదివాను. పడవ. అంటే చదువు రానిది నాకు కాదు, అక్షరాలు చిన్నవి. అరవై ఏళ్ళలో ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

పలక చేతిలో పెడితే వియ్యంకుడు నాలుగు అంచులూ తడిమాడు. "ఎండలో చూసినావా?" అన్నాడు. చూశానన్నాను. "అయితే సరుకు మంచిదే" అన్నాడు. ఆయన నోట నాకు దక్కిన మంచి మాట అదొక్కటే, అది కూడా సరుకు గురించి.

నెల తర్వాత మళ్ళీ పోయాను. ఆయన గది లోపల కూర్చుని ఉన్నాడు. వేలు తడపడం, తాకించడం, తుడవడం. "మామకు ఇప్పుడు ఎండతో పని లే నాయనా" అంది నా కూతురు వంటింట్లోంచి, సంతోషంగా. దగ్గరికి పోయి చూశాను. లైటు ఆరిపోయి ఉంది. అక్షరాలు లేవు. చార్జింగ్ అయిపోయిన బ్యాటరీ బొమ్మ ఒక్కటే ఉంది. అది నాకు కూడా తెలిసిన బొమ్మ. ఆయన వేలు తడిపి పేజీ తిప్పుతున్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా వెతుక్కుంటున్న మాట నోటి దాకా వచ్చింది. వంటింట్లో కూతురు ఉంది. గట్టిగా అంటే చాలు.

"ఏం చూస్తాండావు బావా?" అన్నాడు.

"ఇట్లియ్యి" అని లాక్కుని చార్జింగ్ పెట్టాను. "ఇంక నేను చదువుతా. యాడ తప్పో చెప్పు. కొన్నోణ్ణి నేను, నాకు గూడా హక్కుండాది."

నాకు తెలిసిందని ఆయనకు తెలిసింది. "గోడకు ఆనుకోవద్దు. నిటారుగా కూర్చో. ఇది బడి" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి సోమవారం తనకల్లులో బస్సెక్కి, కదిరిలో ఇంకో బస్సు మారి పోయేవాణ్ణి. చదివింది కొట్లో భాయ్ తెరిచిన పుస్తకమే, పడవ మీద సముద్రం దాటే ఒక కుటుంబం కథ. అన్ని నీళ్ళు మేమిద్దరం ఎప్పుడూ చూడలేదు. నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి, ఆయన తిట్టేవాడు.

"దీర్ఘం మింగినావు. దీర్ఘమేమన్నా మీ బాయిలో నీళ్ళా, కనబడకుండా పోయేదానికి?"

"అంత తెలిసినోడివి నువ్వే చదువుకో."

ఆ మాటకు మాత్రం నవ్వేవాడు. పేజీ తిప్పడం నాకివ్వలేదు. "అది అయ్యవారి పని" అనేవాడు. పేజీ అయిందని చెబితే వేలు తడిపేవాడు. నేను చేయి పట్టి మూలకు చూపిస్తే తాకించేవాడు. ముసలితనంలో ఓనమాలు దిద్దుకుంటున్నాడని రెండు ఊళ్ళలోనూ నన్ను చూసి నవ్వారు. నవ్వనిచ్చాను. అక్షరం కనబడనిది ఎవరికో నేను ఎవరికీ చెప్పలేదు. ఈరోజు మీకు చెబుతున్నాను.

ఆయన పోయిన పదకొండో రోజు కూతురు పలక తెచ్చి, "నీకియ్యమన్నాడు నాయనా" అంది. తెచ్చుకున్నాను. ఆ స్టాంపు ప్యాడ్ సంగతి మాత్రం నేను క్షమించలేదు.

ఇందాక వాకిట్లో కూర్చుని పలక మీది అట్ట తెరిచాను. చివరి సోమవారం తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు. అలవాటు కొద్దీ ఎండలో పట్టి చూశాను. మేము ఆపిన పేజీ అట్లే ఉంది. గాలి పడిపోయి, పడవ నడి సముద్రంలో ఆగి ఉంది. ఆ రోజు పేజీ తిప్పగానే ఆయనకు దగ్గు వచ్చి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తుడవలేదు. కుడి పక్క కింద మూల ఆయన వేలిముద్ర, గీత గీతా కనబడుతోంది.

ముందుకు పోవాలంటే అక్కడే తాకాలి. బొటనవేలు తడిపాను. ఆరిపోయింది. మళ్ళీ తడిపాను.