మెట్ల మీద సర్పంచ్

మా మేనత్త పోయింది. ఆ కబురు వచ్చేసరికి నేను గుడ్లవల్లేరులో పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతున్నాను. గుడివాడ మార్కెట్లో ఎండుచేపల గంప దించి, పక్కావిడతో మాట్లాడుతూనే ఒరిగిపోయిందట. అక్కడివాళ్లే ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కణ్నించి బందరు పంపించారు. నేను బందరు బస్సులో ఉండగానే మావయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "ఇక ఆస్పత్రికి రావద్దమ్మా. నేరుగా ఊరికొచ్చెయ్" అన్నాడు.

మా ఊరు దివిసీమ చివర, పాలకాయతిప్పకు దగ్గర్లో ఉంటుంది. నేను వెళ్లేసరికి రోడ్డు మలుపులో ఫ్లెక్సీ కట్టేసి ఉంది. "మహిళా చైతన్య దీపిక, మాజీ సర్పంచ్ గారికి అశ్రునివాళి" అని పెద్దక్షరాలు. మధ్యలో అత్తయ్య ఫోటో, చుట్టూ చేతులు జోడించిన మగాళ్ల ఫోటోలు. ఒక్కొక్కరినీ గుర్తుపట్టాను. ఆమెను పంచాయతీ ఆఫీసు గడప దాటనివ్వనివాళ్లు వాళ్లే. ఇంత త్వరగా ఎలా వేయించారని అడిగితే, "అవనిగడ్డలో అర్జెంటుగా కొట్టించామమ్మా" అని ఒకాయన గొప్పగా చెప్పాడు. ఆమె బతికుండగా ఆమె పని ఒక్కటి కూడా వాళ్లకు అర్జెంటు కాలేదు.

ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను. మీకు ఆమె తెలియదు. పేపర్లో ఆమె ఫోటో జిల్లా పేజీలో కూడా రాలేదు. అందుకే చెప్పాలనిపించింది.

మా ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వ్ అయినప్పుడు ఊరి పెద్దలు ఒడ్డున వలల షెడ్డులో కూర్చుని మాట్లాడుకున్నారు. పోటీ లేకుండా ఒకరిని నిలబెడదామనుకున్నారు. మావయ్య నెమ్మదైన మనిషి, పెద్దల మాట జవదాటడు. అత్తయ్య ఐదో తరగతి వరకే చదివింది, పొద్దున లేస్తే చేపల గంపతో బస్సెక్కి వెళ్లిపోతుంది. అలాంటి ఇల్లయితే గొడవుండదని వాళ్ల లెక్క. అలా ఆమె సర్పంచ్ అయింది. ప్రమాణ స్వీకారం రోజున ఆమె కాగితం పట్టుకుని, ఎక్కడా తడబడకుండా ప్రమాణం చదివింది. చదవడం పూర్తికాగానే పెద్దలు చప్పట్లు కొట్టి, దండ తెచ్చి మావయ్య మెడలో వేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చాక అదే మాట అన్నాను.

అత్తయ్య కాళ్లు కడుక్కుంటూ, "పోనీలేవే. దండ సాయంత్రానికి వాడిపోద్ది. ప్రమాణం నా నోటితో చేశాను కదా, అది నాదే" అంది.

ఆ మాటను ఆమె అంత గట్టిగా పట్టుకుంటుందని పెద్దలే కాదు, నేను కూడా అనుకోలేదు.

మొదట్లో కాగితాలు ఇంటికే వచ్చేవి. మావయ్య తెచ్చి, ఇక్కడ సంతకం పెట్టు అనేవాడు. ఆమె చాప వేసుకుని కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివేది. తెచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి గొణుక్కునేవారు. "నేను నిదానంగా చదువుతానయ్యా. మీరెళ్లి టీ తాగి రండి" అనేది తల ఎత్తకుండానే. కొన్నాళ్లకు కాగితాలు ఇంటికి తేవద్దని, తనే ఆఫీసుకు వస్తానని చెప్పింది. మార్కెట్‌కు వెళ్లని రోజుల్లో జుట్టు కొప్పు బిగించి, ఉతికిన చీర కట్టుకుని వెళ్లి కుర్చీలో కూర్చునేది. "చేపల వాసనొస్తందని ముక్కు మూసుకుంటారే వాళ్లు. ఊరంతా బతికేది ఆ వాసన మీదేగా" అని నాతో చెప్పి నవ్వేది.

అసలు గొడవ నీళ్ల దగ్గర మొదలైంది. మా వైపు బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. కాలవకు నీళ్లు వదిలినప్పుడు మంచినీళ్ల చెరువు నింపుకుని ఎండాకాలమంతా ఆ నీళ్లతోనే గడుపుకోవాలి. ఆ చెరువు గట్టు పక్కనే రొయ్యల చెరువులు తవ్వుకుంటానని పక్క ఊరి ఆసామి ఒకాయన వచ్చాడు. పంచాయతీకి అభ్యంతరం లేదని తీర్మానం రాసివ్వాలి. వార్డు సభ్యులు సరేనన్నారు. పెద్దలూ సరేనన్నారు. సర్పంచ్ సంతకం ఒక్కటే మిగిలింది.

అత్తయ్య సంతకం పెట్టలేదు. "ఊరంతా తాగే నీళ్లు. ఊరినే అడుగుదాం" అని గ్రామసభ పిలిచింది. అంతవరకు మా ఊళ్లో గ్రామసభ అంటే పుస్తకంలో సంతకాలే. ఆమె ఆటోకు మైకు కట్టించి వీధి వీధీ తిప్పించింది. ఆడవాళ్ల దగ్గరకు తనే వెళ్లి, "వంట త్వరగా కానిచ్చుకుని రండి. మీరు మొయ్యాల్సిన నీళ్లు ఇవి" అని చెప్పింది. సెలవు పెట్టి నేనూ వెళ్లాను. స్కూలు ఆవరణ నిండిపోయింది. ఆసామి మనిషి లేచి, చెరువులొస్తే పనులొస్తాయి, రోడ్డొస్తుంది అని చాలాసేపు మాట్లాడాడు. అత్తయ్య ఆపకుండా మాట్లాడనిచ్చింది. ఆ తర్వాత, "ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి" అంది. ముందు వరసలో పెద్దల చేతులు లేచాయి. "వద్దనేవాళ్లు?" అంది. వెనకాల కూర్చున్న ఆడవాళ్లందరూ చేతులెత్తారు. గాజుల చప్పుడు వినిపించింది. మా ఊళ్లో ఆడవాళ్లు తమ మాట ఇదీ అని చెప్పగా నేను చూడటం అదే మొదలు.

దానికి శిక్ష మావయ్యకు పడింది. ఆయన పడవ వేటకు వెళ్లడానికి వీల్లేదని పెద్దలు కట్టుబాటు పెట్టారు. తోటి పడవలన్నీ సముద్రం మీదకు వెళ్తుంటే ఆయన పడవ ఒక్కటే ఒడ్డున ఎండుతూ ఉండేది. ఆయన రోజూ వెళ్లి దాని పక్కన కూర్చుని వచ్చేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోకుండానే అన్నాడు, "నువ్వొక్క సంతకం పెడితే నా పడవ నీళ్లలో పడుద్దే."

"నీ పడవ నీళ్లలో పడ్డానికి ఊరి నీళ్లలో ఉప్పు పొయ్యమంటావా?" అంది అత్తయ్య. "కోపం నా మీద చూపించు. అన్నం మీద వద్దు" అని కంచం ఆయన ముందుకు జరిపింది. మావయ్య తిన్నాడు. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె తరఫున పెద్దల ముందూ ఒక్క మాట అనలేదు. ఆ రెండోదాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ఆ రోజుల్లోనే విజయవాడలో ఒక సదస్సుకు ఆమెకు పిలుపొచ్చింది. ప్రపంచమంతటా ప్రజాస్వామ్యానికి, మహిళా నాయకత్వానికి అండగా నిలబడతామనే సంస్థ ఏదో పెట్టిన సభ అది. ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పడానికి తోడుగా నేను వెళ్లాను. ఏసీ హాలు, మెడలో కార్డులు, తెరమీద రంగుల బొమ్మలు. అక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక గ్రామ కౌన్సిలర్ అత్తయ్య పక్కన కూర్చుంది. మీ ఇంట్లో ఏమంటారని నాచేత అడిగించింది.

"ఇంట్లోవాళ్లు ఏమీ అనరు. ఊరివాళ్లు అంటుంటే వింటూ ఊరుకుంటారు" అంది అత్తయ్య.

ఆవిడ పెద్దగా నవ్వి అత్తయ్య చెయ్యి పట్టుకుంది. తమ ఊళ్లో మీటింగు రోజున మగాళ్లు హాలుకు తాళం వేసి తాళంచెవి పోయిందంటారట. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్య, "మెట్లకి తాళం వెయ్యలేరుగా. మెట్ల మీద కూర్చోమను" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చుని, ఒకరి కంచంలోంచి ఒకరు తీసుకుని తిన్నారు. నిర్వాహకులు అత్తయ్యకు శాలువా కప్పి, మీ వెనక మేమున్నామని మైకులో చెప్పారు.

ఊరికి తిరిగొచ్చిన కొన్నాళ్లకే ఆమె మీద ఫిర్యాదు వెళ్లింది. వీధి దీపాల నిధులు తినేసిందని రాశారు. విచారణ పూర్తయ్యేదాకా అధికారులు ఆమెను పదవిలోంచి తప్పించారు. నేను ఆ సంస్థకు ఫోన్ చేశాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఇది స్థానిక పాలనకు సంబంధించిన విషయమనీ, తాము కలగజేసుకోలేమనీ చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు, "సావనీర్లో వేస్తాం, మేడమ్‌ది మంచి ఫోటో ఉంటే పంపండి" అంది. పంపలేదు.

అత్తయ్య మాత్రం రోజూ ఆఫీసుకు వెళ్తూనే ఉంది. లోపలికి రానివ్వకపోతే మెట్ల మీద కూర్చునేది. పింఛను ఆగిపోయిన ముసలమ్మలూ, రేషన్ కార్డులో పేరు తప్పుపడ్డ వాళ్లూ అక్కడికే వచ్చి చెప్పుకునేవారు. ఆమె విని, ఎవరిని కలవాలో చెప్పేది. అవసరమైతే వెంటబెట్టుకుని మండలాఫీసుకు తీసుకెళ్లేది. "పదవిలో లేవుగా, నీకెందుకొచ్చిన తిప్పలు" అని నేనంటే, "వాళ్లు నన్ను తీసేశారు గానీ, వీళ్లింకా తీసెయ్యలేదుగా" అంది. విచారణలో ఏ తప్పూ తేలలేదు. అది తేలేసరికి ఆమె పదవీకాలం అయిపోయింది. కుర్చీలోకి తిరిగి వెళ్లే రోజు రాలేదు.

తర్వాత ఎన్నికలు చాలాకాలం జరగలేదు. జరిగినప్పుడు సీటు మళ్లీ ఆడవాళ్లకే వచ్చింది. ఈసారి ఆమె తనంతట తనే నిలబడింది. పెద్దలు ఊళ్లోకి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలి పిల్లను పోటీకి పెట్టారు. ఆ పిల్లకు ఊళ్లో వీధులు కూడా సరిగా తెలియవు. ఆ పిల్ల భర్తే ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడిగాడు. అత్తయ్యకు వేస్తే మీ పడవలూ ఆగుతాయని ఒకరు, ఆసామి పెట్టబోయే రొయ్యల షెడ్డులో ఆడవాళ్లకు పని ఇప్పిస్తామని ఇంకొకరు చెప్పారు. పోలింగ్ రోజు సాయంత్రం లెక్కింపయ్యాక తెలిసింది, అత్తయ్య ఓడిపోయింది. కొద్దిపాటి తేడాతో కాదు, ఘోరంగా. ఆవేళ స్కూలు ఆవరణలో చేతులెత్తినవాళ్లలో చాలామంది ఆమెకు ఓటెయ్యలేదు.

నేను వాళ్లను తిట్టాను. విశ్వాసం లేనివాళ్లన్నాను. ఇలాంటివాళ్లకు ఓటెందుకన్నాను. అత్తయ్య ఎండుచేపలు గంపలో సర్దుతోంది. సర్దడం ఆపి నా వైపు చూసింది.

"అంతమాట అనకు. వాళ్ల ఓటు, వాళ్లిష్టం. నాకు వేస్తేనే మంచి ఓటు, వెయ్యకపోతే చెడ్డదీ అవుద్దా? చెయ్యెత్తిన రోజు భయపడలేదు. ఓటేసిన రోజు భయపడ్డారు. ఆ భయం పెట్టినోణ్ని తిట్టు."

మళ్లీ వంగి చేపలు సర్దుకుంది. ఓడినందుకు ఆమె ఏడవడం నేను చూడలేదు. ఏడవలేదని మాత్రం చెప్పను.

కొత్త సర్పంచ్ సంతకంతో రొయ్యల చెరువులు వచ్చాయి. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి మంచినీళ్ల చెరువు నీళ్లు నోట పెట్టుకోలేకపోయాం. ఇప్పుడు ఊళ్లో అందరూ డబ్బా నీళ్లు కొనుక్కుంటున్నారు. ఆ నీళ్ల ప్లాంటూ ఆసామి బామ్మర్దిదే. షెడ్డులో పని ఊరి ఆడవాళ్లకు ఇస్తామన్నారు గానీ, బయటనుంచి తక్కువ కూలికి వచ్చేవాళ్లను పెట్టుకున్నారు. ఇదంతా జరుగుతుందని అత్తయ్య ముందే చెప్పింది. నేను చెప్పలేదా అని మాత్రం ఒక్కరితోనూ అనలేదు. ప్రతి గ్రామసభకూ వెళ్లి ముందు వరసలో కూర్చుని, "చెరువు నీళ్లు పరీక్షకి పంపించారా అండీ?" అని అడిగేది. మళ్లీ మొదలెట్టింది అని నవ్వేవారు. నవ్వులన్నీ అయ్యేదాకా కూర్చుని, మళ్లీ అదే అడిగేది.

ఓపికకు ఫలితముంటుందని రాసి దీన్ని ముగిస్తే బాగుండేది. ఆమెకు ఏ ఫలితమూ దక్కలేదు. గుడివాడ మార్కెట్లో గంప పక్కన ఒరిగిపోయింది, అంతే. తెలియనిది ఎవరినైనా అడిగితే చిన్నతనం కాదనీ, తెలిసినది పదిమందిలో అడగడం మానకూడదనీ ఆమెను చూసి నేర్చుకున్నాను. నాకు ఆమె ఇచ్చి వెళ్లింది అదే. తక్కువేమీ కాదు. కానీ మా ఊరికి అది చాలలేదు.

పెద్దకర్మ రోజున పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి సంతాప సభ పెట్టారు. వేదిక మీద కుర్చీలన్నిటిలో మగాళ్లే. కింద టార్పాలిన్ మీద ఆడవాళ్లం కూర్చున్నాం. ఆమె మీద ఫిర్యాదు రాసినాయన ఆమె నిజాయితీ గురించి మాట్లాడాడు. మావయ్య తల వంచుకుని వింటున్నాడు. తర్వాత మైకు పట్టుకున్నతను, "ఇప్పుడు మన సర్పంచ్ గారు రెండు మాటలు మాట్లాడతారు" అన్నాడు.

నా ముందు కూర్చున్న, అత్తయ్య మీద గెలిచిన ఆ కోడలి పిల్ల ఒళ్లో బిడ్డను పక్కావిడకు అందించి, చెయ్యి నేల మీద ఆనించి సగం లేచింది. అప్పటికే ఆమె భర్త వేదిక మీద గొంతు సవరించుకుంటున్నాడు. ఆ పిల్ల అలాగే వంగి ఒక్క క్షణం ఆగింది. చుట్టూ ఎవరైనా చూశారేమోనని చూసింది. మోకాళ్ల దగ్గర కుచ్చిళ్లు సర్దుకుని, మళ్లీ కూర్చుంది.