డాక్టరమ్మ ఎర్రకారు, నా ఆటో కాలు

ఆ రోజుల్లో, అంటే మరీ పాత రోజులేం కావు, నాలుగైదేళ్ల కిందటి మాటే, నాకు ఆటో తోలడమంటే ఆటలా ఉండేది. మా ఆయన పోయాక ఆయన ఆటోనే నస్పూర్ వీధుల్లో తోలుకుని బతికాను. చివరికి అదీ ఆయన దారే పట్టింది. ఇంజిను చచ్చింది, మెకానిక్కు చేతులెత్తేశాడు. ఇక మిగిలింది బోథ్‌లో మా అన్న ఇల్లు. అక్కడికి పోతే పత్తి ఏరడం ఒక్కటే కాదు, పొద్దున లేచింది మొదలు మా వదిన నోటికింద పడి ఉండాలి. (ఇది మా వదినకు ఎవరూ చదివి వినిపించకండి.) అందుకే మా వీధి డాక్టరమ్మకు కారు డ్రైవరు కావాలని తెలియగానే పరుగెత్తాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు గాని, ఆడవాళ్ల శిక్షణలో చేరి కారు లైసెన్సు మాత్రం సంపాదించి పెట్టుకున్నాను.

ఆ కారు బ్యాటరీది. ఎర్రగా, పొట్టిగా, పిల్లలు తాడు కట్టి లాక్కునే బొమ్మలా ఉండేది. అంతకుముందు దాన్ని తోలిన జీపు మామ రెండు రోజులకే తాళం ఇచ్చేశాడు. ముప్పై ఏళ్లు జీపు తోలిన మనిషి. గేటు దగ్గర నాకు ఎదురై, "గది కారు కాదు బిడ్డా. సప్పుడు లేదు, గేరు లేదు. కాలు ఆనిస్తే సాలు, పెయ్యి ముంగటికి పోతది, పాణం ఎనకనే ఉంటది" అన్నాడు. నేను నవ్వి, "నీది జీపు కాలు మామా. నాది ఆటో కాలు, ఫికర్ చెయ్యకు" అన్నాను. ఎంత పొగరో చూడండి.

డాక్టరమ్మ నా పక్కన కూర్చుని "మెల్లగ ముంగటికి తియ్యి" అంది. మీట నొక్కాను. బండి బతికిందో లేదో తెలియదు. కాలు ఆనించాను, కదిలింది. ఎదురుగా వాకిట్లో డాక్టరమ్మ అత్తగారు పాత చీర పరిచి వడియాలు పెట్టుకుంటోంది. ఆగాలి. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆటోలో స్పీడు చేతిలో ఉంటుంది, కుడికాలి కింద ఉండేది బ్రేకు ఒక్కటే. భయమేస్తే మా ఆటోవాళ్ల కుడికాలు దానంతటదే తొక్కేస్తుంది. (శిక్షణలో సారు కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. నా తప్పులన్నీ ఆయనే తొక్కి సరిచేశాడని అప్పుడు తెలిసింది.) తొక్కాను. కారులో ఆ కాలి కింద ఉన్నది స్పీడు. ఆ బొమ్మ చిరుతపులిలా ఎగిరింది. పెద్దమ్మ ఆ వయసులో అంత దూరం దూకగలదని ఆమె కొడుక్కి కూడా తెలిసి ఉండదు. "కాలు తియ్యి!" అని డాక్టరమ్మ అరిచింది. తీశాను. బ్యాటరీ కారు గుణమే అంతట, కాలు తీస్తే తనంతట తనే నిలుస్తుంది. బ్రేకు ముట్టకుండానే కారు ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగింది. సరిగ్గా వడియాల నడుమ.

"నీకు కారు నేర్పినోడు యాడున్నడే పిల్లా? వానికి దండం పెట్టాలె" అంది పెద్దమ్మ, చీర దులుపుకుంటూ.

డాక్టరమ్మ ముఖం తెల్లబోయింది. "నువ్వు రేపటిసంది రాకమ్మా" అంది. నాకు పత్తి సంచీ, దాని వెనక వదిన ముఖం కనిపించాయి. "ఒక్కపారి సూడుండ్రి మేడం, మీ కాళ్లు మొక్కుత" అన్నాను.

"ఆగు కోడలా" అంది పెద్దమ్మ. "జీపోడు కాలు తియ్యమని ఎంత చెప్పినా ఇనలే, నీ మెడ పట్టేసింది. గీ పిల్ల తియ్యమనంగనే తీసింది. పొద్దుగాల నేను కూసుంట, బెల్లంపల్లి పోయొస్తం."

"నీకు భయం లేదా అత్తమ్మా?"

"వడియాలే పోయినయ్. ఇంక పోయేదేమున్నది?"

మరునాడు ఆవిడ కాకులను తోలే కట్టె పట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. బొగ్గు లారీ ఎదురొస్తే నా భుజం మీద ఒకటి. "కాలు లేపు!" బర్రెలు అడ్డమొస్తే ఇంకొకటి. "కాలు లేపు!" బెల్లంపల్లి చేరేసరికి భుజం వాచింది గాని కాలికి బుద్ధి వచ్చింది. భయమేస్తే తొక్కేవాళ్లకు ఆ కారు పనికిరాదు, వదిలేసేవాళ్లకు మాత్రం చెప్పినట్టు వింటుంది.

తిరిగి వస్తుంటే రోడ్డు ఖాళీగా ఉంది. "ఎనకాముందు ఎవ్వలన్న ఉన్నరా పిల్లా?" అంది.

"లేరు పెద్దమ్మా."

"అయితే జర తొక్కు. జీపోడు భయపడ్డదేందో నేను సూడాలె."

"మేడం తిడతది."

"మేడంకు చెప్పేదెవ్వలు?"

తొక్కాను. ఇద్దరి వీపులూ సీట్లకు అతుక్కుపోయాయి. చెట్లు వెనక్కి పరుగెత్తాయి. పెద్దమ్మ "ఓ యవ్వా!" అని ఒక్క కేక పెట్టి, ఆ తర్వాత పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన పోయాక అంత నోరు తెరిచి నవ్వడం అదే మొదలు.

గేటు దగ్గర డాక్టరమ్మ కాచుకుని ఉంది. "ఎట్ల నడిపింది అత్తమ్మా?"

"ఎడ్లబండి లెక్క. నాకైతే నిద్రొచ్చింది" అంది పెద్దమ్మ, చెదిరిన కొప్పు ముడుచుకుంటూ. "ఉండనియ్యి గీమెను."

అలా ఉండిపోయాను. ఇప్పటికీ డాక్టరమ్మ వచ్చినవాళ్లందరికీ "మా డ్రైవరమ్మ మస్తు నిదానం" అని చెప్తుంది. పెద్దమ్మ దేవుణ్ణి తలచుకుంటున్నట్టు కళ్లు మూసుకుంటుంది. ఇంట్లో పనేం లేకపోయినా వారానికోసారి ఆవిడకు బెల్లంపల్లిలో పని పడుతుంది. అప్పుడప్పుడు అద్దంలో, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని వణుకుతూనే పళ్లన్నీ బయటపెట్టి నవ్విన ఆ ఆటో పిల్ల కనిపించినట్టుంటుంది. పిచ్చిది, ఎంత భయపడిందో, ఎంత గట్టిగా తొక్కిందో.