తవ్వి చూపించిన పెద్ద టీచర్

మొన్న పొద్దున బడికి తయారవుతుంటే ఫోన్ వచ్చింది. మా పెద్ద టీచర్ చనిపోయింది. కంది ఊరి దగ్గర సర్వీసు రోడ్డు మీద స్కూటీపై వస్తుంటే, రాంగ్ రూట్లో వచ్చిన కంకర టిప్పర్ గుద్ది కొంత దూరం ఈడ్చుకుపోయిందట. బడి ముందు స్పీడు తగ్గించమని కర్ర పట్టుకుని రోడ్డుకు అడ్డం నిలబడి, ఆ టిప్పర్లవాళ్లను ఏళ్ల తరబడి నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి ఆమె. చివరికి అలాంటి బండే ఆమెను చంపింది. నా కోపం ఇంకా చల్లారలేదు. ఈ నాలుగు మాటలు మెత్తగా రాయడం నా వల్ల కాదు. ఆమె కూడా మెత్తని మనిషేం కాదు.

పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీల వెనక ఉన్న సర్కారు ప్రాథమిక పాఠశాల మాది. ఆమె ముందు నుంచీ ఉంది కాబట్టి పెద్ద టీచర్, తర్వాత వచ్చిన నేను చిన్న టీచర్. సుద్దముక్కలు కొంగుకు ముడేసుకునేది. జొన్నరొట్టె నిలబడే తినేది, కూర్చుంటే పిల్లలు కనపడరని. మూడో తరగతి పిల్లలకు మొక్కల, జంతువుల జీవిత చక్రాలు చెప్పడం ఆమెకు అన్నింటికంటే ఇష్టమైన పని. పుస్తకంలో గుడ్డు, గొంగళిపురుగు, గూడు, సీతాకోకచిలుక గుండ్రంగా ఉంటాయి, మధ్యలో బాణం గుర్తులు. "బొమ్మల బాణాలు సక్కగనే ఉంటయి. బయట ఒక్కో బాణం కాడ ఎవరో ఒకరు నోరు తెరుసుకొని కూసుంటరు" అనేది.

ఆ మాట ఊరికే అనలేదు. ఒక ఏడు కరివేపాకు చెట్టు మీది గొంగళిపురుగును సీసాలో పెట్టి పిల్లలతో పెంచింది. సీతాకోకచిలుక వస్తుందని అందరం ఎదురుచూశాం. దాని ఒంట్లోంచి తెల్లటి చిన్న పురుగులు చీల్చుకుని బయటికొచ్చాయి. కొన్నాళ్లకు అవి సన్నటి కందిరీగలయ్యాయి. ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడి కూతురు ఏడుస్తూ "తితలీ కిధర్ గయీ టీచర్?" అని, సీతాకోకచిలుక ఎటు పోయిందని అడిగింది. "ఇవి తిన్నయి. లోపల నుంచి తిన్నయి. ఇవి గూడ ఒక తల్లి పెట్టిన గుడ్లే" అని చెప్పి, బోర్డు మీద రెండో చక్రం గీసి మొదటిదానికి తగిలించింది. నేనైతే సీసా దగ్గర్నుంచి పక్కకు జరిగాను. పిల్లలు మాత్రం సీసా చుట్టూ మూగారు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. దానివల్లే ఆమె నాకు తోటి టీచర్ కంటే ఎక్కువయింది.

మా అన్న ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఒకరోజు రియాక్టర్ పేలింది. మా ఇంటి కిటికీలు కూడా అదిరాయి. అన్నను మూట కట్టి అప్పగించారు, ముఖం చూడొద్దన్నారు. అన్న కూతురు, అంటే మా మేనకోడలు, అప్పుడు పెద్ద టీచర్ దగ్గరే మూడో తరగతి. ఆ వార్త రాగానే పిల్లను జోగిపేటలో అమ్మమ్మ ఇంటికి పంపేశాం. అన్ని కార్యాలూ అయిపోయాక తిరిగి తీసుకొచ్చి, మీ డాడీ బొంబాయిలో పనికి పోయిండని చెప్పాం. మా అమ్మ మాట అది. మా వదినకు ఎదురు చెప్పే ఓపిక లేదు. అబద్ధమే, కానీ ఆ పిల్ల మళ్లీ అన్నం తింటోంది. మాకు అది చాలనిపించింది.

ఆ వారమే బడిలో చిక్కుడు గింజలు నాటారు. ప్లాస్టిక్ గ్లాసుల్లో మట్టి, మట్టిలో గింజ. మా మేనకోడలు "మట్టిల పెట్టినయి అన్ని వస్తయా టీచర్?" అని అడిగిందట. "అన్ని వస్తయి బిడ్డా. నీళ్లు పొయ్యాలె, జెర ఓపిక వట్టాలె" అని పెద్ద టీచర్ చెప్పిందట. ఆమె గింజల గురించే చెప్పింది.

తర్వాత కోడిపిల్లల పాఠం. బడి గేటు దగ్గరికి సైకిలు మీద రంగు కోడిపిల్లలు అమ్మేవాడు వస్తాడు. గులాబీ, పచ్చ, నీలం. పిల్లలు కొన్నవాటిని ఆమె అట్టపెట్టెలో బల్బు కింద పెట్టి పెంచింది. ఒకరోజు పొద్దున తలుపు తీసేసరికి గదంతా రంగు ఈకలు, నెత్తురు. వెంటిలేటర్ గుండా పిల్లి దూరింది. నేను చీపురు అందుకోబోతే ఆమె నా చేయి పట్టుకుంది.

"ఊడ్వకు. సూడనీ."

పిల్లలు చూశారు. కొందరు ఏడ్చారు, కొందరు రాళ్లు తీసుకుని పిల్లి వెంట పడ్డారు. పాత సామాను గదిలో అది ఈనిందని అప్పుడే తెలిసింది. రాళ్లు పట్టుకున్న చేతుల మీద పెద్ద టీచర్ స్కేలుతో గట్టిగా కొట్టింది. "దాని పిల్లలకు ఆకలైతే గది ఏం పెట్టాలె? మీ టిఫిన్ డబ్బలు ఇస్తరా?" అని అరిచింది. ఎవరి మనసు నొచ్చినా ఆమె తీరు అంతే.

చచ్చిన వాటిలో గులాబీ రంగు పిల్ల మా మేనకోడలిది. దాన్ని గోడ పక్కన పూడ్చి, రోజూ మధ్యాహ్నం సీసాతో నీళ్లు పోస్తోంది. నేను ఆట అనుకున్నాను. పెద్ద టీచర్ ఆట అనుకోలేదు. దగ్గర కూర్చుని ఎందుకు పోస్తున్నావని అడిగింది.

"మొలుస్తది గద టీచర్. మీరే చెప్పిండ్రు. డాడీకి గూడ పోస్తున్న."

బడికి, మా ఇంటికి మధ్య దారిలోనే మావాళ్లను పూడ్చే బొందలగడ్డ ఉంది. మీ డాడీని అక్కడ పెట్టిండ్రని తోటి పిల్లలెవరో ఎప్పుడో చెప్పేశారు. మేమంతా బొంబాయి కథ చెప్తుంటే, ఆ పిల్ల తలూపి విని, రోజూ సాయంత్రం తన నీళ్ల సీసా తండ్రి సమాధి మీద ఖాళీ చేసి ఇంటికి వస్తోంది. ఎప్పుడు లేస్తాడా అని చూస్తోంది.

పెద్ద టీచర్ ఆ రోజే మా ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పక ముందే అందుకుంది. "ఆ పిల్లకు నిజం చెప్పుండ్రి. తప్పు నాది గూడ ఉన్నది, నేనే అన్ని వస్తయన్న."

"పెద్దగయినంక చెప్తం టీచర్" అన్నాను.

"గప్పటిదాక నీళ్లు మోస్తదా?"

మా అమ్మ లోపలినుంచి వచ్చింది. కొడుకును ముఖమైనా చూడకుండా పూడ్చిన తల్లి. "నా కొడుకు సచ్చిండని నా మనుమరాలికి చెప్పనీకి నువ్వెవతివి?" అంటూ చేతిలోని ఇత్తడి చెంబు విసిరేసింది. అది పెద్ద టీచర్ నొసట తగిలి చర్మం చిట్లింది. ఆమె కొంగుతో అదుముకుంది. కొంగులోని సుద్దముక్కలు కింద పడ్డాయి. "కొట్టు అవ్వా, నీ కడుపుమంట నాకు ఎరుకే. రేపు మాత్రం ఆ పిల్లతోని తవ్విపిస్త" అని వెళ్లిపోయింది. మా వదిన ఒక్కతే గుమ్మం దాకా వెళ్లి ఆమెను సాగనంపింది.

మరునాడు బడి వదిలాక నేను, వదిన గోడ పక్కన నిలబడ్డాం. నొసటికి పట్టీతో పెద్ద టీచర్ చిన్న పార పిల్ల చేతికిచ్చింది. ముందు చిక్కుడు మొక్క దగ్గర తవ్వించింది. పగిలిన గింజ తొక్క, తెల్లటి వేర్లు. తర్వాత కోడిపిల్ల దగ్గర. వాసన ముందు వచ్చింది. గులాబీ ఈకలు కొన్ని మిగిలాయి, మిగతాదంతా పురుగులు, చీమలు. వదిన కొంగు నోట్లో కుక్కుకుంది.

"గింజ సచ్చిపోలేదు బిడ్డా. అది బతికే ఉంటది, నిద్రల ఉంటది. గందుకే మొలుస్తది. ఇది సచ్చిపోయింది. సచ్చినది మొలవది. నేను నీకు తప్పు చెప్పిన."

పిల్ల పార మొనతో ఒక గులాబీ ఈకను కదిపి చూసింది. "మరి డాడీ?"

"డాడీ గూడ సచ్చిపోయిండు. రాడు."

అంతే, ఆ పిల్ల మీద పడింది. పారతో కొట్టబోయింది, గోళ్లతో గీరింది, పెద్ద టీచర్ ముంజేతిని పట్టి కొరికింది. నెత్తురు కారింది. నేను లాగబోతే ఆమె కళ్లతోనే వద్దంది. చేయి వెనక్కి తీసుకోలేదు. దవడలు నొప్పి పుట్టి పిల్ల వదిలేదాకా అలాగే కూర్చుంది. ఆ తర్వాతే ఆ పిల్లకు ఏడుపొచ్చింది. వదిన ఒళ్లోకి తీసుకుంది. తండ్రి పోయాక తల్లీకూతుళ్లు కలిసి ఏడవడం అదే మొదలు.

మా అమ్మ పెద్ద టీచర్‌తో మళ్లీ మాట్లాడలేదు. కానీ ఆ వారం మనవరాలిని ఎత్తుకుని బొందలగడ్డకు తీసుకెళ్లింది. దారంతా మా అన్న చిన్నప్పటి సంగతులు చెప్పింది. పెద్ద టీచర్ పాఠం చెప్పే తీరు కూడా మారింది. గింజ పాఠం వచ్చినప్పుడల్లా పుచ్చిపోయిన గింజను కూడా ఒకటి నాటించి, అది ఎందుకు రాలేదో పిల్లలచేతే తవ్వించి చెప్పించేది.

మొన్న పోతిరెడ్డిపల్లిలోని ఆమె ఇంటికి మేమంతా వెళ్లాం. మా మేనకోడలు ఇప్పుడు సంగారెడ్డిలో నర్సింగ్ చదువుతోంది. పెద్ద టీచర్‌ను తలకు కట్లు కట్టి, ముఖం సగం కప్పి, పాడె మీద పడుకోబెట్టారు. ఆమె కొడుకు బిడ్డ, ఐదేళ్ల పిల్ల, ఎక్కడా కనపడలేదు. పై అంతస్తులో ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టారని, నానమ్మ దవాఖానాలో ఉందని చెప్పారని ఎవరో అన్నారు.

మా మేనకోడలు ఎవరినీ అడగలేదు. పైకి వెళ్లి పిల్లను చంకనేసుకుని కిందికి వచ్చింది. పెద్ద టీచర్ కొడుకు అడ్డం వచ్చాడు. "పిచ్చిగాని లేసిందా? పైకి తీస్కపో" అని భుజం పట్టి నెట్టాడు. ఆమె వెనక్కి వెళ్లి గోడకు గుద్దుకుంది, పిల్లను మాత్రం వదలలేదు. ఆడవాళ్లు అరిచారు. డప్పులు ఆగిపోయాయి. అతను మళ్లీ చెయ్యెత్తాడు.

"కొట్టు అన్నా. కానీ నువ్వే చెప్పు పిల్లకు. నువ్వు చెప్తె మంచిగుంటది" అంది.

అతను ఎత్తిన చేయి దించాడు. పిల్ల జారి కిందికి దిగి పాడె దగ్గరికి నడిచింది. నానమ్మ పాదం ముట్టుకుంది.

"సల్లగున్నది. లేపు డాడీ."

కొడుకు వచ్చి పిల్ల పక్కన కింద కూర్చున్నాడు. "లేవది బిడ్డా. నానమ్మను టిప్పర్ గుద్దింది. సచ్చిపోయింది. ఇగ లేవది."

ఆ పిల్ల నానమ్మ కాలి బొటనవేలిని పిడికిట్లో పట్టుకుని నిలబడింది. పాడె ఎత్తడానికి వంగిన నలుగురూ కట్టెల మీద చేతులు వేసి అలాగే వంగి ఉన్నారు. పిల్ల వేలు వదిలేదాకా ఎవరూ పాడె లేపలేదు.