బస్సులో అక్క పట్టిన పట్టు

గుద్దులు లేకుండా పట్లతోనే లొంగదీసే జియుజిట్సు మూడేళ్లు నేర్చుకుని, గుద్దులు కూడా ఉండే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ స్పారింగ్‌లోకి, అంటే సాధన కుస్తీల్లోకి, దిగాను. కింద వెల్లకిలా ఉండి పైవాడి చెయ్యి దొరకబుచ్చుకుని మెలేసే లోపే మొహం మీద నాలుగు పడేవి. ఆ రోజూ పెదవి చిట్లింది. ఇక మానేద్దామన్నంత విసుగుతో గోదావరిఖనిలో మంచిర్యాల బస్సెక్కాను.

పక్క సీటులో ఒకావిడ. ఆమె ఒళ్లో రెండేళ్ల పాప ఒకటే పేచీ. చేతులు విసురుతూ సరిగ్గా నా చిట్లిన పెదవి మీదే కొట్టింది.

"జర పట్టుకోరాదక్కా!" అని కసిరాను.

"పొద్దుగాల్నుంచి పట్టుకునుడే నా పని తమ్మీ," అని ఆమె కూడా విసుక్కుంది. పాప చేతుల జోలికి పోలేదు. తలను గుండెకు అదిమి గట్టిగా వాటేసుకుంది. చెయ్యి విసరడానికి చోటు లేక పాప కాసేపు గింజుకుని ఊరుకుంది.

"దూరం పెడితే కొడ్తది. దగ్గరికి గుంజుకుంటే ఏం జేస్తది?" అంది.

మరుసటి స్పారింగ్‌లో చెయ్యి కోసం పాకులాడలేదు. పైనున్నవాడి తలను గుండెకు అదుముకున్నాను. వాడి గుద్దుల్లో పస పోయింది. విడిపించుకునే తొందరలో వాడే చెయ్యి చాచాడు, దాన్ని పట్టి మెలేసి లొంగదీశాను.

"ఎవలు నేర్పిండ్రురా?" అన్నాడు కోచ్.

"బస్సుల ఒక అక్క, సార్."

వెటకారమనుకుని నన్ను ఇంకో రెండు రౌండ్లకు దించాడు.