రెండువేల డెబ్బై లాల్ అహ్మద్

లాల్ అహ్మద్‌ని ఏ పని అడిగినా ఒక సంవత్సరం చెబుతాడు. రోజు చెప్పడు, నెల చెప్పడు. సంవత్సరమే. అదీ అడిగినవాళ్ళు ఉంటారో లేదో తెలియని సంవత్సరం.

విజయవాడలో మా కాలువ గట్టు మీద అతనిది టైలరు కొట్టు. ఎదురుగా, నీళ్ళవైపు, నా చేపల గంప. మధ్యలో రోడ్డు. ఒకళ్ళ గొంతు ఒకళ్ళం వింటూ ముసలివాళ్ళమయ్యాం. నా గొంతే ఎక్కువ వినిపిస్తుందంటారు. వినిపించకపోతే చేపలు కొనేదెవరు?

ఒకప్పుడు మనిషి బాగానే ఉండేవాడు. రేపిస్తానన్న జాకెట్టు ఎల్లుండికైనా ఇచ్చేవాడు. అలాంటిది ఒకనాడు, రెండువేల డెబ్బై నాటికి దేశం వదిలే పొగ లెక్క సున్నాకి తెస్తామని ఢిల్లీ వాళ్ళు చెప్పినట్టు టీవీలో వచ్చింది. అందరం విని చానల్ మార్చుకున్నాం. ఇతను మాత్రం కత్తెర కిందపెట్టి లేచి నిలబడ్డాడు.

“చూశావా అక్కా! యాభై ఏళ్ళ ముందే చెప్పేశారు. ప్లానింగంటే అదీ!”

“అప్పటికి నువ్వుంటావా?”

“నేను లేకపోతే దేశం ఉండదా?”

అంతే. ఆ రోజునుంచి అన్నిటికీ లక్ష్యాలు పుట్టుకొచ్చాయి. వంటింటి కప్పు కారుతోందని భార్య బేగం బీ మొత్తుకుంటే, “రెండువేల ముప్పై నాటికి సగం తగ్గిస్తాం” అన్నాడు.

“మిగతా సగం?”

“అది రెండో దశ.”

ఆవిడ మొదటి దశ కింద గిన్నె, రెండో దశ కింద బకెట్టు పెట్టుకుని వంట చేసుకుంది.

మా వీధి సీతారావమ్మ జాకెట్టు కోసం వచ్చి, “మాస్టారూ, మా అక్క కూతురి పెళ్ళి ఆదివారం” అంది.

“ముప్పై అయిదు నాటికి తప్పకుండా.”

“అప్పటికి మా పిల్లకి పెళ్ళీడొస్తుంది.”

“అయితే పిల్ల కొలతలు కూడా ఇచ్చేసి వెళ్ళమ్మా!”

“బద్ధకానికి సర్కారు పేరు పెట్టుకున్నావు కదయ్యా లాల్ భాయ్!” అని రోడ్డు ఇవతలనుంచి నేను అరిచేదాన్ని. అతను అద్దాల మీదుగా చూసి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఇంకా మండేది నాకు.

ఈ వేసవిలో గట్టుకి పచ్చదనం పథకం వచ్చింది. ఢిల్లీ పెద్ద ప్లానులో ఇదొక చిన్న ముక్కట. నీళ్ళవైపు మొక్కలు, నడిచేవాళ్ళకి బాట. అక్కడున్నవన్నీ లేపెయ్యాలన్నారు. అక్కడున్నది నేనొక్కదాన్నే.

టెంటు వేసి మీటింగు పెట్టారు. అభిప్రాయాలు చెప్పండన్నాడు ఆఫీసరు. నేను లేచాను.

“మొక్కలు పెట్టండి బాబూ, నీళ్ళు నేను పోస్తా. నన్ను పీకి మొక్క నాటడమేంటి?”

“దేశం కోసమమ్మా. సోమవారం కల్లా ఖాళీ చెయ్యాలి.”

వెనకనుంచి లాల్ అహ్మద్ లేచాడు. “సార్, పొగ మానడానికి ఎప్పటిదాకా గడువండీ?”

“రెండువేల డెబ్బై.”

“బొగ్గుకి డెబ్బై దాకా ఇచ్చారు. ఈవిడ గంపకి సోమవారమేనాండీ?”

టెంటంతా నవ్వింది. ఆఫీసరూ నవ్వాడు. సోమవారం మాత్రం సోమవారంలాగే ఉండిపోయింది.

ఆదివారం గంప బోర్లించి, కత్తిపీట, పీట అక్కడే వదిలి ఇంటికి పోయాను. పుట్టింటివాళ్ళు బందరు దగ్గర వలలు వేసినవాళ్ళు. చేప తప్ప నాకింకోటి తెలియదు. ఈ వయసులో కొత్త చోట కూర్చుంటే నన్నెవరు వెతుక్కుంటూ వస్తారు? లాల్ అహ్మద్‌ని అడుగుదామనిపించింది. “నలభై ఏడు నాటికి చూద్దాం అక్కా” అంటాడని అడగలేదు.

సోమవారం పొద్దున్నే సామాను తీసుకుందామని వెళ్తే ఏవీ లేవు. ఎవడెత్తుకుపోయాడని నోరు విప్పబోతూ ఎదురుగా చూశాను.

టైలరు కొట్టు అరుగు సగం ఖాళీ. కుట్టుమిషను ఓ మూలకి నక్కింది. కడిగిన చోట నా పీట, నా కత్తిపీట. పైన కొత్త రేకు. నిచ్చెనెక్కి చెమటలు కక్కుతూ మేకులు కొడుతున్నాడు లాల్ అహ్మద్. కింద నిచ్చెన పట్టుకుని బేగం బీ.

“నా వంటింటి కోసం తెచ్చిన రేకే మంగాయమ్మా ఇది!” అంది ఆవిడ.

“అయ్యో, మరి నీ కప్పు?”

“ముప్పై దాకా టైముందిగా!” అని పకపకా నవ్వింది.

నేనూ వెళ్ళి నిచ్చెన రెండో వైపు పట్టుకున్నాను.

“ఇది ఏ సంవత్సరం లక్ష్యమయ్యా?” అన్నాను.

“నలభై ఏడుది అక్కా,” అన్నాడు, దొంగతనంలో దొరికిపోయినవాడిలా తల దించుకుని. “కాస్త ముందే అయిపోయింది.”

మధ్యాహ్నం సీతారావమ్మ వచ్చింది, పెళ్ళి దాటిపోయిన జాకెట్టు కోసం. మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“మాస్టారూ! శీలావతి చేప వాసనొస్తోంది!”

లాల్ అహ్మద్ కళ్ళజోడు సర్దుకున్నాడు.

“లక్ష్యం పెట్టుకున్నామమ్మా. రెండువేల డెబ్బై నాటికి వాసన సున్నా.”

“తొందరేం లేదు లాల్ భాయ్,” అన్నాను, బొచ్చె చేప తోక తెగ్గొడుతూ.