లోకల్ అనే తోక

మా టౌన్‌షిప్‌లో ప్రతిదానికీ లోకల్ అని తగిలిస్తారు. లోకల్ పర్చేజ్, లోకల్ లేబర్, లోకల్ క్యాండిడేట్. బస్తర్ ఇనుప గనుల ఊరు కిరండుల్‌లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకో చెబుతాను.

అప్పట్లో నేను గని స్టోర్ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేసేదాన్ని. కన్వేయర్ బెల్టుకు రోలర్ కావాలన్నా, డంపర్‌కు టైరు కావాలన్నా, కొండ మీది గనివాళ్ళు కావాలని రాసి పంపే ఇండెంటు మా స్టోర్ పేజీలో వచ్చి పడాలి. ఆ పేజీ ఉండే సర్వర్‌కు ‘ఖదాన్ డాట్ లోకల్’ అని పేరు పెట్టింది మా స్టోర్ ఆఫీసరు సాహెబే. ఖదాన్ అంటే హిందీలో గని. బయటి ఇంటర్నెట్‌తో పనిలేదు, టౌన్‌షిప్ లోపలే నడిచేది కాబట్టి లోకల్. మాకెవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఇక్కడ ఎవరికి అప్పజెప్పినా ఆ పేరే పెట్టి ఉండేవాళ్ళు.

తర్వాత విండోస్ బదులు లైనక్స్ వేసిన కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటిలో స్టోర్ పేజీ తెరుచుకోలేదు. పాత వాటిలో బాగానే వస్తోంది, కొత్తవాటిలో మాత్రం ఆ పేరుగల సర్వరే లేదంటోంది. కొండ మీద నుంచి ఫోన్ల మీద ఫోన్లు. కంప్యూటర్లు అమ్మినవాణ్ణి అడిగితే, అన్నీ తుడిచేసి మళ్ళీ వేసుకోండి అని చేతులు దులిపేసుకున్నాడు.

సాహెబ్ నన్ను పిలిచి, “ఆపరేటర్ పోస్టు ఒకటి పర్మనెంట్ చేస్తున్నారు. ఈ గొడవ వదిలించు, నీ పేరే పంపిస్తా,” అన్నాడు హిందీలో.

ఆ పోస్టు నాకెంత అవసరమో ఆయనకు తెలుసు. మా నాన్న ఉత్తరాంధ్ర నుంచి ఈ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. ఇనుప రాయి మోసుకెళ్ళే బళ్ళ కింద పట్టాలు బిగించీ బిగించీ, ఆ ఎర్రదుమ్మంతా గుండెల్లో దాచుకుని రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి బజారు వెనక అద్దెకున్నాం. రెండు మెట్లెక్కితే ఆయాసం. నాకు పర్మనెంట్ అయితే నాన్నకు కంపెనీ ఆసుపత్రిలో వైద్యం జరుగుతుంది. ఇంకే గొప్పలూ నేను కోరుకోలేదు.

ఆ పని మీద నా తల ప్రాణం తోకకొచ్చింది. తీగలు పీకి మళ్ళీ పెట్టాను. నంబరుతో పిలిస్తే సర్వర్ పలుకుతోంది. పేర్లకు నంబర్లు చెప్పే సర్వర్ వేరే ఉంటుంది, దాన్ని నేరుగా అడిగితే ఖదాన్ నంబరు ఫలానా అని తడుముకోకుండా చెబుతోంది. మళ్ళీ బ్రౌజర్‌లో అదే పేరు కొడితే, అలాంటిదేమీ లేదు పొమ్మంటోంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదంటుంటే కీబోర్డు విసిరికొట్టాలనిపించింది.

నాతోపాటు ఇంకో కాంట్రాక్టు ఆపరేటర్ ఉండేవాడు. భేజ్జి దగ్గర అడవి ఊరివాడు, దోర్ల గిరిజనుడు, నా ఈడువాడే, అయినా అక్కా అనేవాడు. బద్ధకిష్టి. పేరు మొత్తం కొట్టడానికి ఒళ్ళొంగక వట్టి ఖదాన్ అని కొట్టి ఊరుకున్నాడు. పేజీ తెరుచుకుంది.

“గిదేంది అక్కా! వట్టి పేరు కొడితే వస్తుంది. లోకల్ అని తోక పెడితే రావట్లే,” అన్నాడు.

ఆ తోక పట్టుకునే వెతికాను. లైనక్స్‌లో ఒక చిన్న ఫైలుంది. ఏదైనా పేరు వస్తే ముందు ఎవరిని అడగాలో, తర్వాత ఎవరిని అడగాలో అందులో రాసుంటుంది. పేరు చివర లోకల్ కనబడితే, ఇది ఇరుగుపొరుగు వ్యవహారం అనుకుంటుందట. తోక లేని పేరైతే పేర్ల సర్వర్‌నే అడుగుతుంది, తోక ఉంటే దాని దగ్గరికి పోనే పోదు. చుట్టుపక్కల యంత్రాలన్నిటికీ వినబడేలా ఒక కేక వేస్తుంది. ఎవరూ పలక్కపోతే అక్కడితో సరి, వెనక్కి వచ్చేయమని రాసుంది. అన్నీ తెలిసిన పేర్ల సర్వర్ పక్కనే ఊరికే కూర్చుని ఉంటుంది.

ఆ వరసలో పేర్ల సర్వర్‌ను ముందుకు జరిపాను. ఖదాన్ డాట్ లోకల్ తోకతో సహా పలికింది. అన్ని కంప్యూటర్లలోనూ అలాగే మార్చాం. సాహెబ్ శభాష్ అని అందరికీ సమోసాలు తెప్పించాడు. నా పేరు నిజంగానే పంపాడు కూడా, అంతవరకు ఆయన్ని అనడానికి లేదు.

పోస్టు లోకల్ క్యాండిడేట్‌కే అన్నారు. నేను లోకల్ కాకపోతే ఇంకెవరు అనుకున్నాను. నేను లోకలో కాదో విచారించడానికి రెవెన్యూ పట్వారీ మా వీధికి వచ్చాడు. నన్ను అడగలేదు. బడిలో అడగలేదు, నేను పుట్టిన ఆసుపత్రిలో అడగలేదు. అటు రెండిళ్ళు, ఇటు రెండిళ్ళు అడిగాడు. ఆ ఇళ్ళవాళ్ళు మా తర్వాత వచ్చినవాళ్ళే. “వాళ్ళా? ఆంధ్రావాలే,” అన్నారు. అందులో దురుద్దేశం కూడా లేదు, మేం ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం కదా. పట్వారీ స్థానికురాలు కాదని రాసుకుని వెళ్ళిపోయాడు. నేను సరిచేసిన ఫైలులో ఏముందో అదే మా వీధిలో జరిగింది. ఇక్కడ వరస మార్చే అధికారం మాత్రం నాకెవరూ ఇవ్వలేదు.

నాన్న గుమ్మంలో కూర్చుని రొప్పుతూ, “నానొచ్చినప్పుడు ఈల్లెవుళ్ళూ నేరే అమ్మీ! ఇక్కడంతా అడివి. నన్నడిగితే సెప్పనా ఏటి?” అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లోపలికి వెళ్ళిపోయాను.

“నువ్వన్నా అర్జీ పెట్టుకో, నీకంటే లోకల్ ఎవరున్నారు?” అన్నాను దోర్ల తమ్ముడితో.

“మా ఊరికి పట్వారీ రాడు అక్కా. రాకుండ నేను ఉన్ననని ఎట్ల రాస్తడు?” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు చూసి నా కోపం ఇంకా పెరిగింది.

చివరికి ఆ పోస్టులోకి రాయపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. రాష్ట్రంలో ఎక్కడివాడైనా లోకలేనట. బస్తర్‌కు రావడం అదే మొదటిసారి. ఈ చుట్టుపక్కల ఊళ్ళు బాసగూడ ఎటు, జగర్గుండా ఎటు అంటే తెలియదు, కొండ మీద గాలికి చెవులు మూసుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పని నేర్పించమని సాహెబ్ నాకే అప్పజెప్పాడు. కంపెనీ నాకు మొండిచెయ్యి చూపించింది, ఈ పని మాత్రం నా చేతిలోనే పెట్టారన్నమాట. కాంట్రాక్టు కూడా పోతే నాన్నకు బజారు మందులు కూడా ఉండవు కాబట్టి నోరు మూసుకుని నేర్పాను. ఏ ఫైలు ఎక్కడుంటుందో, లోకల్ తోకతో వచ్చే చిక్కేమిటో, వరస ఎలా మార్చాలో అన్నీ చూపించాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు. టీ వచ్చాక మర్యాదగా అడిగాడు. “మీది ఏ ఊరు?”

“ఇక్కడే. కిరండుల్,” అన్నాను.

“అది కాదు, అసలు ఊరు?”

నేను చిన్నప్పుడు ఒక పెళ్ళికి వెళ్ళి మళ్ళీ ముఖం చూడని మా తాత ఊరి పేరు చెప్పాను. ఆయన, అదీ సంగతి అన్నట్టు తలాడించి టీ తాగాడు.