మణికట్టుకు చుట్టిన తాడు

ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేసింది. కట్టంగూర్ దగ్గరి మా ఊరి కొనుగోలు కేంద్రంలో మా యాసంగి వడ్ల కుప్ప పన్నెండు రోజులుగా కాంటా తూకం కోసం ఎదురుచూస్తోంది. నాలుగు గంటలకు పడమర నల్లబడి, గాలి ఒక్కసారిగా చల్లగా తగిలింది. నాకు అప్పుడే గుబులు పుట్టింది. అయినా ముందు గుర్తొచ్చింది వడ్లే.

నేనూ మా ఆయన యాదయ్యా కుప్ప మీద టార్పాలిన్ పరదా కప్పాం. గాలికి అంచులు లేస్తుంటే మా దగ్గర అందరూ చేసే పనే చేశాం. చెరో మూల తాడు పట్టుకుని పరదా మీద కూర్చున్నాం. ఆయన చేతిలోంచి తాడు జారుతోంది.

"చేతికి సుట్టుకోరాదయ్యా, గప్పుడు జారదు" అని అరిచాను.

ఆయన కుడి మణికట్టుకు మూడు చుట్లు చుట్టుకున్నాడు. అంతలోనే రాళ్లవాన మొదలైంది. ఒక్క గాలి విసురు పరదాను లేపి, దాంతోపాటు ఆయన్నీ ఈడ్చుకుపోయింది. నేను పరుగెత్తుకెళ్లేసరికి కుప్ప అవతల పడి ఉన్నాడు, చెయ్యి వేలాడుతోంది. పక్క కుప్ప జానీ భాయ్ కొడవలితో తాడు కోసి, మమ్మల్ని గోదాం గదిలోకి చేర్చాడు. వాన తగ్గాక తన ఆటోలోనే నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లాడు.

ఎక్స్‌రే తీసి, షోల్డర్ డిస్‌లొకేట్ అయిందన్నారు. మత్తు ఇచ్చి భుజం సరిచేశారు. ఇక ఇంటికే అనుకున్నాం. కానీ వేళ్లు కదలలేదు.

"వేలు పట్టుకున్న, తెలుస్తుందా?" అని డాక్టరు అడిగారు.

మా ఆయన నా ముఖం చూసి, "తెల్వదు సారూ" అన్నాడు.

ఎంఆర్ఐ తీశారు, మూడు వారాల తర్వాత నరాలు ఎంత పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. "నర్వ్స్ తెగలేదమ్మా, స్ట్రెచ్ అయినయ్. చెయ్యి రావచ్చు. ఎంత వస్తదో ఇప్పుడే చెప్పలేను. ఫిజియోథెరపీ మాత్రం ఆపొద్దు" అన్నారు డాక్టరు.

రోజూ నేనే తినిపించేదాన్ని. ఎవరైనా వస్తే సిగ్గుతో నోరు తెరిచేవాడు కాదు. అందుకని తలుపు దగ్గరికి వేసి పెట్టేదాన్ని. రెండో నెలలో చెయ్యంతా ఒకటే మంట. భరించలేక పది రోజులు ఫిజియోథెరపీ మానేశాడు. వేళ్లు బిగుసుకుపోయాయి. "నరం వచ్చేసరికి కీళ్లు పట్టేస్తే ఏం లాభం పెదనాయినా?" అని ఫిజియోథెరపీ అమ్మాయి కోప్పడింది. మళ్లీ మొదటికొచ్చాం.

ఒక పూట అన్నం కలుపుతూ ఏడ్చేశాను. "సుట్టుకోమన్నది నేనే. నీ చెయ్యి నేనే పోగొట్టిన."

ఆయన నోట్లో ముద్ద మింగి, నిదానంగా అన్నాడు. "నువ్వు అనకముందే సుట్టుకున్ననే పిచ్చిదానా. గా గాలికి నీ మాట నాకు ఇనబడనే లేదు."

నేను అరిచాకే చుట్టుకున్నాడు. నా కళ్లతో చూశాను. అయినా ఆ పూట చాలా రోజులకు నేనూ కడుపునిండా తిన్నాను.

నాలుగో నెలలో బొటనవేలు కదిలింది. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటాడు, తన అన్నం తనే తింటాడు. చొక్కా గుండీలు మాత్రం నేనే పెట్టాలి. అవి పెట్టుకోవడం వచ్చి కూడా రానట్టు నటిస్తున్నాడని నా అనుమానం.

నా అనుభవంతో చెప్పేది ఒక్కటే. పరదా తాడు ఎప్పుడూ ఒంటికి చుట్టుకోకండి. అంచుల మీద ఇసుక సంచులు పొద్దున్నే పెట్టుకోండి. ఉరుము వినబడితే వడ్లు వదిలేసి గోడలూ స్లాబూ ఉన్న పక్కా గదిలోకి వెళ్లండి, చెట్టు కిందికీ, రేకుల షెడ్డులోకీ వద్దు.

ఇంత తెలిసీ మొన్న యాసంగిలో ఉరిమినప్పుడు నా కాళ్లు కుప్ప వైపే కదిలాయి. ఆయన కుడి చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. "పా, లోపలికి పోదాం" అన్నాడు. ఆ పట్టులో ఇంకా బలం లేదు, కాస్త గుంజితే విడిపోతుంది. నేను గుంజలేదు. ఆయన వెంటే లోపలికి నడిచాను.